పులికాట్‌లో రాజహంసలను ఎగిరించి తీసిన ఫోటోలను మనం మెచ్చుకోవచ్చా?

గట్టుదారి (నెల్లూరు)

మన పక్షుల ఫోటోల వేదిక సభ్యులందరికీ నమస్కారం. ఈ చర్చకు కారణమైన సంగతిని ముందుగా చెబుతాను. పదకొండు శీతాకాలాలుగా, నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు, వీలైన ప్రతి ఆదివారం సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు మధ్యగా శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు మీద నడుస్తూ పక్షులను చూస్తున్నాను, కుదిరినప్పుడు ఫోటోలు తీస్తున్నాను. మొన్న జనవరిలో ఒక ఉదయం అటకానితిప్ప దాటాక రోడ్డుకు ఉత్తరాన మూడు నాలుగు వందల రాజహంసలు (ఫ్లెమింగోలు) మేస్తున్నాయి. అంతలో ఒక కారు వచ్చి ఆగింది. దిగిన ఐదుగురిలో నలుగురు కెమెరాలు పట్టుకొని గట్టు మీద వరుసగా నిలబడ్డారు. ఐదో మనిషి చెప్పులు విప్పి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, పర్రలోకి, అంటే సరస్సులోని లోతులేని ఉప్పు బురద నేలలోకి దిగి, చేతులు ఊపుతూ పక్షుల వైపు పరుగెత్తాడు. గుంపు మొత్తం ఒక్కసారిగా లేచింది. నీళ్లలో నిలబడినప్పుడు తెల్లగా కనిపించే ఆ పక్షుల రెక్కల్లో దాగిన గులాబీ రంగు, అంచుల నలుపు ఆకాశమంతా పరుచుకున్నాయి. వారం తరువాత ఆ దృశ్యం ఇదే వేదికలో ఒక ఫోటోగా వచ్చింది. ఎక్కడిదో గుర్తుపట్టక ముందే నేను కూడా దానిని మెచ్చుకుంటూ రెండు మాటలు వ్రాశాను. ఆ తరువాత వెనుక కనిపించే విద్యుత్ స్తంభాలను చూసి, తేదీని చూసి, అది ఆ ఉదయమే అని తెలుసుకున్నప్పుడు నా మాటలను తొలగించాను. ఆ బాధ ఇంకా పోలేదు.

నా ప్రశ్న ఇది. పక్షులను కావాలని లేపి తీసిన ఫోటోలను మన వేదిక స్వీకరించాలా? స్వీకరించకూడదని నా అభిప్రాయం. అంతేకాదు, పులికాట్ వంటి చోట ఫోటో కోసం రోడ్డు దిగి పర్రలోకి నడవడమే మానుకోవాలని కూడా నేను అనుకుంటున్నాను.

కారణం చెబుతాను. రాజహంస మేసే తీరును దగ్గరగా గమనించినవారికి తెలుసు, అది తలను తలకిందులుగా నీళ్లలో ముంచి, నాలుకతో నీటిని లోపలికి లాగి బయటికి నెడుతూ, ముక్కు అంచుల్లోని జల్లెడ వంటి పొరల్లో చిక్కిన సన్నని రొయ్యలను, పురుగులను, నాచును తింటుంది. ఇంత చిన్న ఆహారంతో అంత పెద్ద ఒంటిని పోషించుకోవాలంటే రోజులో చాలా గంటలు మేయక తప్పదు. పైగా అది కాకిలా నిలబడినచోటి నుంచే లేవలేదు. నీళ్లలో కొన్ని అడుగులు పరుగెత్తి, బరువైన ఒంటిని గాలిలోకి ఎత్తుకోవాలి. మనకు ఒక సెకనులో ఇరవై ఫోటోలు దొరికే ఆ క్షణం దానికి రోజంతటిలో ఎక్కువ ఖర్చయిన క్షణం. ఒక గుంపును ఉదయం ఆరున్నరకు ఒకరు, ఏడింటికి మరొకరు, ఎనిమిదింటికి ఇంకొకరు లేపితే, ముగ్గురిలో ఎవరికీ తాము చేసింది పెద్ద తప్పుగా కనిపించదు. పక్షికి మాత్రం ఆ ఉదయం మేత లేకుండా పోయినట్టే.

ఇందులో నాతో ఏకీభవించని వారు కూడా వివరంగా వ్రాయాలని కోరుతున్నాను.

వెలుగునీడ (హైదరాబాద్)

గట్టుదారి గారూ, మీరు వర్ణించిన ఆ మనిషి చేసింది తప్పు. అందులో వాదన లేదు. కానీ ఆ ఒక్క సంఘటన నుంచి మీరు చేస్తున్న ప్రతిపాదన చాలా దూరం పోతున్నది.

మొదటిది, ఆ రోడ్డు మీద అంతరిక్ష కేంద్రానికి వెళ్లే బస్సులు, లారీలు రాత్రింబవళ్లు తిరుగుతాయి. పర్రలో కుక్కలు తిరుగుతాయి, పశువులు మేస్తాయి. గద్ద ఒకటి మీదుగా వెళితే చాలు, బాతుల గుంపంతా లేస్తుంది. రోజుకు ఇన్నిసార్లు లేచే పక్షి ఫోటోగ్రాఫర్ వల్ల మరొకసారి లేచిందన్న దాన్ని అంత పెద్ద నేరంగా చూడడం నాకు న్యాయంగా అనిపించడం లేదు. రెండవది, పులికాట్‌కు అసలు గండం నీళ్లది. రాయదొరువు ముఖద్వారం పూడుకుపోయి సముద్రపు నీరు సరిగా రావడం లేదని అక్కడి జాలర్లు ఎన్నో ఏళ్లుగా మొరపెట్టుకుంటున్నారు. వానలు తక్కువైన ఏడాది జనవరి నాటికే సరస్సులో మైళ్ల కొద్దీ నేల బీటలు తేలుతుంది. అటువంటి సరస్సు గురించి బయటి ప్రపంచానికి తెలిసింది ఫోటోల వల్లనే. ఎగిరే రాజహంసల ఫోటో ఒకటి చూసి ఎంతమంది పిల్లలు సూళ్లూరుపేట ఫ్లెమింగో ఫెస్టివల్‌కు వెళ్లాలని అడిగి ఉంటారో ఆలోచించండి. ప్రేమ పుట్టకుండా రక్షణ రాదు. చూడకుండా ప్రేమ పుట్టదు.

మూడవది అన్నిటికన్నా ముఖ్యం. ఫోటోను చూసి పక్షి తనంతట తాను ఎగిరిందా, ఎవరైనా ఎగిరించారా అని మీరు ఎలా చెబుతారు? చెప్పలేరు. చెప్పలేనప్పుడు నియమం పెడితే, అబద్ధం చెప్పేవారి ఫోటోలు ఉంటాయి, నిజం చెప్పేవారి ఫోటోలు పోతాయి.

ఉప్పునీరు (తడ)

నేను పక్షుల శాస్త్రం చదివినవాడిని కాను. మాది సరస్సు మీద బతికే కుటుంబం. మా నాన్న, మా చిన్నాన్న ఇప్పటికీ వలకు వెళతారు. నేను చదువుకొని ఉద్యోగంలో ఉన్నా, సెలవుల్లో పడవ ఎక్కుతాను. ఫోటోల గురించి మా వైపు మాట ఎవరూ అడగరు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

హైదరాబాద్ అన్నగారు కుక్కలు, పశువులు, లారీలు అని లెక్క చెప్పారు. ఆ లెక్కలో మమ్మల్ని కలపనందుకు సంతోషం, ఎందుకంటే మామూలుగా ఆ జాబితాలో మొదట వచ్చేది జాలర్లే. నేను చూసింది ఇది. మా పడవ రోజూ ఒకే దారిలో, ఒకే వేళకు, ఒకే నెమ్మదితో వెళుతుంది. మోకాటి లోతు నీళ్లలో నడుస్తూ చేతులతో తడిమి రొయ్యలు ఏరుకునే యానాది ఆడవాళ్లకు యాభై అడుగుల దూరంలో కొంగలు నిలబడి ఉంటాయి. అవి తల కూడా ఎత్తవు. లారీ కూడా అంతే, అది రోడ్డు దాటి రాదని వాటికి తెలుసు. పక్షి భయపడేది మనిషిని చూసి కాదు, ఆ మనిషి ఏం చేయబోతున్నాడో అంతు పట్టనప్పుడు. మేము వలను చూస్తూ నడుస్తాము. ఫోటో తీసేవారు పక్షినే చూస్తూ, ఆగుతూ, వంగుతూ, మళ్లీ నడుస్తూ సూటిగా దాని మీదికే వస్తారు. పిల్లి అలాగే వస్తుంది, నక్క అలాగే వస్తుంది. మరి పక్షి లేవక ఏం చేస్తుంది?

ఇంకొక సంగతి. శీతాకాలంలో పడవ బాడుగకు అడిగేవారు ఉంటారు. బాడుగ మాట్లాడుకునేటప్పుడే కొందరు అంటారు, ‘దగ్గరికి తీసుకువెళితే ఇంకో ఐదు వందలు ఇస్తాము’ అని. రొయ్య పడని రోజున ఐదు వందలు అంటే ఏమిటో ఇక్కడ ఎంతమందికి తెలుసో నాకు తెలియదు. పడవ నడిపేవాడు తీసుకువెళతాడు. రేపు అటవీ శాఖవారు పట్టుకుంటే కేసు పడవ మీద, పడవవాడి మీద. ఫోటో మీద పేరు మాత్రం కెమెరా పట్టుకున్నవారిది. మీరు నియమం పెడితే ఈ సంగతిని కూడా అందులో చేర్చండి: దగ్గరికి వెళ్లడానికి ఎక్కువ డబ్బు ఇవ్వకూడదు. ఇవ్వదలచుకుంటే దూరంగా, ఓపికగా ఉంచినందుకు ఇవ్వండి. అలా ఇచ్చిన పెద్దమనిషి ఒకరు మాకు తెలుసు. ఆయన వస్తే మా చిన్నాన్న తెల్లవారుజామున మూడింటికే లేస్తాడు.

మడచెట్టు (కాకినాడ)

ఉప్పునీరు గారి మాటలు చదివాక నేను వ్రాసుకున్న సగం అనవసరమని తీసేశాను. మిగిలినది చెబుతాను.

మాది కోరింగ మడ అడవుల వైపు. ఇక్కడి పరిస్థితి పులికాట్ కన్నా కొంత వేరు, ఎందుకంటే కాకినాడ అఖాతంలో ఆటుపోట్లు బలంగా ఉంటాయి. ఆటు సమయంలో నీరు వెనక్కి పోయి బురద మేటలు బయటపడితే ఉల్లంకి పిట్టలన్నీ, అంటే బురదలో మేసే చిన్న వలస పక్షులన్నీ, చెదిరి మేస్తాయి. పోటు వచ్చేసరికి బురదంతా మునిగిపోయి, వేల పక్షులు మిగిలిన ఒక చిన్న ఇసుక మేట మీద ఒకదానికొకటి ఆనుకొని నిలబడతాయి. ఫోటోగ్రాఫర్లకు ఇష్టమైన వేళ ఇదే, ఎందుకంటే అన్నీ ఒకేచోట ఉంటాయి. పక్షులకు అన్నిటికన్నా కష్టమైన వేళ కూడా ఇదే. అక్కడి నుంచి లేపితే వాటికి దిగడానికి మరో పొడి నేల ఉండదు; పోటు తీసేదాకా గాలిలో తిరగాలి, లేదా మైళ్ల దూరం పోవాలి.

చిన్న ఉల్లంకి బరువు పాతిక ముప్పై గ్రాములు. మన ఇంటి పిచ్చుక అంత. అది ఆర్కిటిక్ తీరాన గుడ్లు పెట్టి, మధ్య ఆసియా మీదుగా మన తీరానికి వచ్చి, మార్చి ఏప్రిల్ నెలల్లో మళ్లీ అంత దూరం తిరిగి వెళ్లాలి. వెళ్లే ముందు ఒంట్లో కొవ్వు పెంచుకోవాలి. అది పెంచుకునే నెలలు ఇవే. వెలుగునీడ గారు గద్ద వల్ల కూడా లేస్తాయి కదా అన్నారు. నిజమే. గద్ద వల్ల లేచే పక్షికి వేరే దారి లేదు. ఆ తప్పనిసరి ఖర్చు ఇప్పటికే ఉంది కాబట్టే, తప్పించదగిన ఖర్చును మనం దాని మీద వేయకూడదు. అప్పుల్లో ఉన్నవాడి జేబులోంచి పది రూపాయలు తీసి, ‘ఎలాగూ వేలల్లో అప్పుంది కదా’ అనలేము.

అయితే గట్టుదారి గారి రెండవ మాటతో, అంటే రోడ్డు దిగడమే తప్పన్న మాటతో, నేను పూర్తిగా ఏకీభవించలేను. దగ్గరి ఫోటోకు నిజమైన ప్రయోజనం ఒకటి ఉంది. బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ వంటి సంస్థలు వలస పక్షుల కాళ్లకు ఉంగరాలు, రంగు జెండాలు తొడుగుతాయి. ఆ జెండా మీది అక్షరాలు ఫోటోలో చదవగలిగితే ఒక పక్షి ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చిందో రుజువవుతుంది. ప్రతి జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన మన ఉపఖండంలో 1987లో మొదలైంది; ఇప్పుడు అందులో పాల్గొనే స్వచ్ఛంద కార్యకర్తలు అనుమానమున్న పక్షిని ఫోటో చూసి నిర్ధారించుకుంటున్నారు. కనుక ప్రశ్న ఎంత దగ్గరికి వెళ్లాలన్నది కాదు, దగ్గరితనం ఎలా రావాలన్నది.

నేను అనుసరించే పద్ధతి చెబుతాను. నీరు తీయడం మొదలుకాక ముందే వెళ్లి, గట్టు పక్కన ముదురు రంగు దుప్పటి కప్పుకొని, కెమెరాను మోకాలి ఎత్తులో పెట్టుకొని కూర్చుంటాను. ఇక కదలను. నీరు వెనక్కి పోతున్నకొద్దీ పక్షులు ఆ నీటి అంచును పట్టుకొని మేస్తూ జరుగుతాయి. గంటన్నర ఓపిక పడితే, ఉల్లంకి పిట్టలు నా పాదాలకు పదిహేను అడుగుల దూరానికి వచ్చి మేసిన రోజులున్నాయి. అంత దగ్గరి ఫోటో పరుగెత్తి వెళ్లినవారికి ఏ కటకంతోనూ దొరకదు. తరువాత కష్టమైన భాగం లేవడం. అవి మేస్తూ దూరం జరిగేదాకా లేవకూడదు. ఒకసారి కాళ్లు తిమ్మిరెక్కి మూడు గంటలు అలాగే ఉన్నాను.

వెలుగునీడ (హైదరాబాద్)

మడచెట్టు గారి అప్పు పోలిక నన్ను ఆలోచింపజేసింది. గద్ద గురించి నేను చెప్పిన వాదనను వెనక్కి తీసుకుంటున్నాను. ఉప్పునీరు తమ్ముడు చెప్పిన పడవ బాడుగ సంగతి కూడా నాకు కొత్త. నేను ఎన్నడూ ఎక్కువ ఇస్తానని అడగలేదు, కానీ దగ్గరికి తీసుకువెళ్లిన పడవవానికి సంతోషంతో ఎక్కువ ఇచ్చిన సందర్భం ఉంది. ఫలితం ఒకటే అని ఇప్పుడు అర్థమవుతున్నది.

కానీ నా మూడవ ప్రశ్నకు ఇంకా ఎవరూ సమాధానం చెప్పలేదు. ఫోటోను చూసి తీర్పు చెప్పడం ఎలా?

గట్టుదారి (నెల్లూరు)

ఎగిరే ఫోటోను చూసి చెప్పడం కష్టమే, ఒప్పుకుంటాను. కానీ కొన్ని గుర్తులు ఉన్నాయి. నిశ్చింతగా మేసే రాజహంసల గుంపులో ఎక్కువ తలలు నీళ్లలో ఉంటాయి. కాపలాగా ఒకటి రెండు మాత్రమే మెడ ఎత్తి చూస్తుంటాయి. గుంపు మొత్తం మెడలు నిటారుగా నిలిపి, ఒకే వైపు తిరిగి, నడవడం మొదలుపెట్టిందంటే, కెమెరా ఉన్నవారు అప్పటికే ఉండవలసిన దానికన్నా ముందుకు వచ్చేశారని అర్థం. ఆ నిలువు మెడల వరుస మన కంటికి సైనికుల కవాతులా చాలా అందంగా కనిపిస్తుంది. మనం ‘ఎంత ఠీవిగా ఉన్నాయో’ అని మెచ్చుకునే ఫోటోల్లో సగం బెదిరిన పక్షుల ఫోటోలే.

పాతకెమెరా (విజయవాడ)

గట్టుదారి గారూ, ఇక్కడ ఒక దిద్దుబాటు అవసరం. రాజహంసలు జత కట్టే ముందు గుంపుగా చేసే ప్రదర్శన ఒకటి ఉంది. అప్పుడు కూడా మెడలు పూర్తిగా నిటారుగా చాచి, తలను ఎడమకూ కుడికీ చకచకా తిప్పుతూ, ఒకటిగా కవాతు చేస్తాయి, మధ్యలో రెక్కలు చాచి చూపుతాయి. మన దేశంలో అవి పెద్ద ఎత్తున గుడ్లు పెట్టేది కచ్ రణ్‌లోనే అయినా, ఈ ప్రదర్శనను గుడ్లు పెట్టే చోటికి చాలా దూరంలో కూడా, శీతాకాలం గడిపే నీళ్లలో కూడా చేస్తాయి. మీ గుర్తును నియమంగా పెడితే ఆ ప్రదర్శనను గంటల తరబడి దూరం నుంచి ఓపికగా చిత్రించినవారి ఫోటో కూడా తిరస్కరణకు గురవుతుంది.

చట్టం ఏమంటున్నదో ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి అది కూడా చెబుతాను. ఆంధ్రప్రదేశ్ వైపు పులికాట్ 1976 నుంచి పక్షుల అభయారణ్యం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లోని 27వ సెక్షన్ ప్రకారం, అభయారణ్యం గుండా పోయే రహదారి మీద ప్రయాణించేవారికి ప్రవేశం విషయంలో మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు రహదారికే. రోడ్డు దిగి పర్రలో నడవడానికి అది వర్తించదు. అదే సెక్షన్ అభయారణ్యంలో వన్యప్రాణిని వేధించడాన్ని నిషేధిస్తున్నది. 28వ సెక్షన్ కింద ఫోటోగ్రఫీ కోసం అనుమతి పొందవచ్చు; 2022 సవరణలో దానికి ఒక షరతు చేర్చారు, ఆవాసానికి గానీ వన్యప్రాణులకు గానీ హాని కలగకూడదని. కాబట్టి పులికాట్ వరకు గట్టుదారి గారి రెండవ మాట, అంటే అనుమతి లేకుండా రోడ్డు దిగకూడదన్నది, చట్టం ఇప్పటికే చెప్పిన మాటే. ఇది అభిప్రాయ భేదానికి తావున్న విషయం కాదు. కోరింగ అభయారణ్యం హద్దుల్లో మడచెట్టు గారు కూర్చునే చోటు ఉంటే, వారికీ అదే వర్తిస్తుంది.

మడచెట్టు (కాకినాడ)

వర్తిస్తుంది, ఒప్పుకుంటాను. నేను కూర్చునే గట్టు అభయారణ్యం బయట, చేపల చెరువుల పక్కన ఉంది. లోపలికి గణన కోసం వెళ్లినప్పుడు అటవీ సిబ్బందితో కలిసే వెళతాము. ఈ తేడాను ముందే చెప్పి ఉండవలసింది.

గట్టుదారి (నెల్లూరు)

పాతకెమెరా గారి దిద్దుబాటు సరైనది. మెడల గుర్తును నియమంగా కాక, తీసేవారు తమను తాము అడగవలసిన ప్రశ్నగా మాత్రమే ఉంచుదాము. నడిచేటప్పుడు నేను పాటించేది అంతే: గుంపులో మొదటి కొన్ని తలలు మేత వదిలి పైకి లేచిన చోట ఆగిపోతాను, అవి మళ్లీ వంగకపోతే పది అడుగులు వెనక్కి వస్తాను. మీటర్లలో దూరం చెప్పమని కొందరు అడుగుతారు. అందరికీ సరిపోయే అంకె లేదు. గుంపు పెద్దదైనకొద్దీ ముందుగా బెదిరే కళ్లు ఎక్కువ. గాలి, వెలుతురు, అంతకు ముందు ఎవరైనా లేపారా అన్నది, అన్నీ ఆ దూరాన్ని మార్చేస్తాయి.

గూడబాతుల (పెలికాన్ల) గురించి కూడా ఒక మాట చెప్పాలి. శీతాకాలంలో మన దగ్గరికి వచ్చే పక్షులన్నీ విడిది చేసేవేనని మనలో చాలామంది అనుకుంటారు. దగ్గరలోని నేలపట్టు పక్షుల అభయారణ్యంలో, నీళ్లలో పెరిగే కడప అనే చెట్ల మీద గూళ్లు కట్టిన గూడబాతులకు ఇది పిల్లలను సాకే కాలం. అవి ఆ పిల్లల కోసం చేపలు పట్టేది ఎక్కువగా పులికాట్ నీళ్లలో. మనం ఇక్కడ లేపిన గూడబాతు గొంతు సంచి ఖాళీగా వెనక్కి వెళితే, ఇరవై కిలోమీటర్ల అవతల గూటిలో ఒక పిల్ల ఆకలితో ఉంటుంది. ఫోటోలో ఆ పిల్ల కనిపించదు.

వెలుగునీడ గారు ఎగిరే ఫోటో మీద ప్రేమతో మాట్లాడారు, ఆ ప్రేమ నాకూ ఉంది. పక్షులు తమంతట తాము ఎగిరే వేళలు రోజుకు రెండు ఖచ్చితంగా ఉంటాయి: తెల్లవారుజామున రాత్రి విడిది నుంచి మేతకు, సాయంత్రం మేత నుంచి విడిదికి. పక్షి ఎప్పుడూ గాలికి ఎదురుగా లేస్తుంది, గాలికి ఎదురుగానే దిగుతుంది. ఈ తీరంలో శీతాకాలపు గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వస్తుంది. కాబట్టి గాలి మీ వీపుకు తగిలేలా నిలబడితే పక్షులు మీ వైపే ముఖం పెట్టి వస్తాయి; తరిమినవారికి దొరికేవి వాటి వెనుక భాగాలే. శీతాకాలంలో సూర్యుడు ఆగ్నేయంగా ఉదయిస్తాడు, రోడ్డు పడమటి నుంచి తూర్పుకు పోతుంది, కాబట్టి ఉదయం రోడ్డుకు ఉత్తరాన ఉన్న పక్షుల మీద వెలుగు చక్కగా పడుతుంది. తొమ్మిది దాటితే బురద మీద ఎండ ఆవిరి లేచి ఎంత ఖరీదైన కటకంతో తీసినా ఫోటో మసకబారుతుంది, కాబట్టి ఆ తరువాత తరమడం వల్ల ఫోటోగ్రాఫర్‌కు కూడా లాభం లేదు. ఆ రోడ్డు చివరన ఉన్న కేంద్రానికి పేరిచ్చిన సతీష్ ధవన్ స్వయంగా పక్షులు ఎగిరే విధానాన్ని శ్రద్ధగా అధ్యయనం చేసి వ్రాసినవారు. రాకెట్ల పనిలో తలమునకలైన మనిషికి గాలిలో రెక్క ఎలా వంగుతుందో చూడడానికి తీరిక, ఓపిక దొరికాయి. మనకు దొరకవా?

వెలుగునీడ (హైదరాబాద్)

నా ప్రతిపాదన చెబుతాను, ఏకాభిప్రాయం కుదురుతుందేమో చూడండి. ఫోటోను చూసి తీర్పు చెప్పే అధికారం ఎవరికీ వద్దు. దానికి బదులు, ఇకపై నీటిపక్షుల ఫోటో పెట్టే ప్రతివారూ ఎలా తీశారో రెండు వాక్యాలు వ్రాయాలి: ఎక్కడ నిలబడ్డారు, కారులో నుంచా, గట్టు మీద నుంచా, పడవలో నుంచా, పక్షి ఏం చేస్తున్నది, ఫోటో తీశాక ఏం చేసింది. అబద్ధం వ్రాసేవారు ఉంటారని నేనే అన్నాను. కానీ ‘నేను తరిమాను’ అని వ్రాయడానికి చెయ్యి రానివారు కొందరైనా తరమడం మానేస్తారు. నాకు కూడా పాత ఫోటోలు తిరగేస్తుంటే ఆ రెండు వాక్యాలు వ్రాయలేనివి మూడు కనిపించాయి. వాటిని నా పుటలో నుంచి తీసేస్తున్నాను.

ఒక్క చోట మాత్రం నేను మెత్తబడను. కొత్తగా కెమెరా కొనుక్కొని, తెలియక దగ్గరికి వెళ్లిన కుర్రవాడిని పదిమంది కలిసి తిట్టే పని ఇక్కడ జరగకూడదు. మొదటి శీతాకాలం నేను కూడా బురదలో పరుగెత్తినవాడినే. అప్పుడు ఎవరూ చెప్పలేదు.

పాతకెమెరా (విజయవాడ)

రెండు వాక్యాలతో పాటు ఇంకొకటి చేర్చాలి. అరుదైన పక్షి కనిపించినప్పుడు ఖచ్చితమైన చోటును అదే రోజు బయటపెట్టవద్దు. సరస్సు పేరు, జిల్లా పేరు చాలు. పక్షి వెళ్లిపోయాక మిగతాది చెప్పవచ్చు. ఒక్క పక్షి కోసం ఒకే ఆదివారం ముప్పై కార్లు ఒక గట్టు మీదికి వచ్చిన దృశ్యాన్ని నేను చూశాను. ముప్పైమందిలో ప్రతి ఒక్కరూ మర్యాదగానే ఉన్నారు. అయినా మధ్యాహ్నానికి పక్షి లేదు.

ఉప్పునీరు (తడ)

చోటు దాచే విషయంలో నాకు అభ్యంతరం లేదు, కానీ మా ఊళ్లవారి దగ్గర దాచకండి. ఏ పక్షి ఎక్కడ ఉందో మీకన్నా ముందు మాకే తెలుస్తుంది. దాని విలువ ఏమిటో మాత్రం మీరు చెప్పాలి. పోయిన ఏడాది కాలికి జెండా ఉన్న పక్షి ఒకటి మా వలల దగ్గర పది రోజులు తిరిగింది. అదేమిటో మాకు తెలియదు, ఎవరికి చెప్పాలో తెలియదు. మడచెట్టు గారు వ్రాసింది చదివాకే ఆ జెండా అక్షరాలకు అంత అర్థం ఉందని తెలిసింది.

మడచెట్టు (కాకినాడ)

ఉప్పునీరు గారూ, ఈసారి అటువంటిది కనిపిస్తే ఏ కాలికి, మోకాలి పైనా కిందా, ఏ రంగు, ఏ అక్షరాలు అన్నది రాసిపెట్టుకోండి. ఫోన్‌తో తీసిన మసక ఫోటో అయినా పరవాలేదు. ఇక్కడ పెడితే సంబంధించిన వారికి నేను పంపుతాను. మీ చిన్నాన్న గారికి వీలుంటే జనవరి గణనకు మా వైపు నుంచి ఇద్దరం తడకు వస్తాము. పడవ ఎంత దూరంలో ఆగాలో ఆయనే చెప్పాలి.

ఉప్పునీరు (తడ)

అడిగాను. రమ్మన్నారు. గుంపుకు గాలివాటు వైపు వెళ్లకుండా, ఇంజను లేకుండా తెడ్డుతో నడిపే చిన్న పడవ తీస్తానన్నారు. చలికి దుప్పట్లు తెచ్చుకోండి, రేవులో మూడున్నరకు ఉండాలి.